శాస్త్రవార్తాకారుడు: వార్తాహరుడా, పరిష్కర్తయా?

మన సాహిత్య చరిత్రకారులు కావ్యమునకు, నాటకమునకు, నవలకు చూపిన ఆదరమును శాస్త్రవార్తా రచనకు చూపలేదు. అది పత్రికలవారి పనియనియు, పత్రిక మరునాటికి చిత్తుకాగితమనియు తలచినవారే ఎక్కువ. తెలుగు శాఖలలో దానిని పారిభాషిక పదముల కొరకు తడవి చూచితిమే కాని, ఒక గద్యశాఖగా గ్రహించి గుణదోషములు విచారించుట అరుదు. ఇంతలో ఆ రచన తావు మారినది. కాగితమును వీడి చేతిఫోను తెర మీదికి వచ్చినది. దీనివలన శాస్త్రవార్తాకారుని అవసరము తీరిపోయినదని కొందరును, మునుపటికంటె పెరిగినదని కొందరును అనుచున్నారు. మాకు తోచిన దేమనగా, క్రొత్త సంగతిని మొదట చెప్పు పని అతని చేతినుండి జారిపోయినది. ఇప్పటికే చేరిన పలుమాటలలో శుద్ధపాఠ మేదియో నిర్ణయించు పని అతనికి సంక్రమించినది. తాళపత్ర ప్రతుల విషయమున పరిష్కర్త చేసినదానినే నేటి వార్తల విషయమున అతడు చేయవలసి యున్నది.

ఈ యూహ మాకు మోస్రాలో కలిగినది. మోస్రా నిజామాబాదు జిల్లాలో బోధను ప్రాంతపు గ్రామము. మంజీరపై 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరపు కాలువనీరు ఆ ప్రాంతమును వరికిని చెరకునకును నెలవు చేసినది. 1937లో స్థాపితమై శక్కర్‌నగరున వెలసిన చక్కెర కర్మాగారము 2015లో మూతపడిన పిదప చెరకు తగ్గి వరి ప్రబలినది. గడచిన వానకాలపు పంటనాళ్ళలో మేము మా శిష్యుడొకని ఇంటికి అచటికి పోయినప్పుడు, బస్సు ఆగుచోటి చాయ్ హోటలులో ఒక రైతు తన పొలమున సుడిదోమ పడిన సంగతి చెప్పెను. ఫోనులో వచ్చిన సలహా ననుసరించి రెండు మందులు కలిపి కొట్టెనట. దోమ తగ్గలేదు సరికదా, వారము తిరుగునప్పటికి పైరు సుడులు సుడులుగా ఎండసాగెను. ఆ సలహా ఎవరిచ్చిరని అడిగితిమి. “గిది ఎవలు చెప్పిండ్రో తెల్వది సార్. గని మా కాడ అందరి ఫోన్లకు అచ్చింది” అని అతని సమాధానము.

ఆ మందులలో నొకటి సింథటిక్ పైరిథ్రాయిడ్ జాతిది. ఈ జాతి మందులను వరిపై చల్లినచో, దోమను తిని బ్రతుకు సాలీళ్ళును మిరిడ్ నల్లులును ముందుగా చచ్చును. శత్రువులు లేని దోమ మరింత విజృంభించును. యూరియా మితిమీరినను ఇదే ఫలము. పొలమున కాలిబాటలు తీసి గాలి వెలుతురు ఆడనిచ్చుట, నీరు తీసి ఆరబెట్టుట, తప్పనిసరియైనప్పుడు తగిన మందును దుబ్బు మొదళ్ళకు తగులునట్లు కొట్టుట వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి చెప్పుచున్న మాటలు. మోస్రాకు దూరము కాని రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రమే ఉన్నది. జ్ఞానము అంత సమీపమున నున్నను రైతు చేతికి ముందుగా చేరినది వేరొక మాట.

మా శిష్యుడు ఆ సందేశమును వెనుకకు తడవుచు పోయెను. రైతునకు అది వర్నిలోని బావమరది వలన వచ్చినది. అతనికి వేరొక గుంపునుండి. మొత్తము నాలుగు ప్రతులు దొరకినవి. వానిలో ప్రాతదానియందు ‘పత్తి’ అని యున్నది. తరువాతి ప్రతిలో పైరు పేరే లేదు. మూడవదానియందు ‘వరి’ చేరినది. నాలుగవదానియందు మోతాదు పెరిగి, “శాస్త్రవేత్తలు నిరూపించిరి” అను అర్థముగల వాక్యము తల యెత్తినది. అనగా లేఖకుని ప్రమాదమును, ప్రక్షిప్తమును, లోపమును ఒక్క సందేశమునందే కనబడినవి. ప్రాచీన కావ్యములను పరిష్కరించు వారికి ఇది చిరపరిచితమైన దృశ్యము. అయినను ఒక భేదము కలదు. మన కావ్యములకు ఆశ్వాసాంత గద్య యుండును. కవి యెవరో, ఎవరి కుమారుడో అందు తెలియును. ఈ సందేశమునకు గద్య లేదు, తేదీ లేదు, ఊరు లేదు. పంపినవాడు వ్రాసినవాడు కాడు. వ్రాసినవాడు ఎచటను లేడు. చదువరికి నమ్మకము కలుగుట గ్రంథకర్త వలన కాదు, అందించిన బంధువు వలన. బావమరిది మాటను కాదనుట యెట్లు?

మన తొలి శాస్త్రరచయితల స్థితి ఇందుకు పూర్తిగా విరుద్ధము. సామినేని ముద్దునరసింహము ‘హితసూచని’ 1862లో అచ్చుపడినది. అందులో ఆయన మంత్రములు, వైద్యము మొదలగువానిని గూర్చి ప్రమేయములు వ్రాసి, జనుల నమ్మకములను ప్రశ్నించెను. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రతోపాటు జీవశాస్త్రమును, రసాయనమును తెలుగున వెలయించినది. వీరు చెప్పునది పాఠకునకు తెలుగున వేరొకచోట దొరకునది కాదు. కావున వీరి వాక్యములో తొందర లేదు. ఒక పదమును కల్పించుటకు, దానిని వివరించుటకు, మరల ప్రయోగించి పాఠకునకు అలవాటు చేయుటకు వ్యవధి యుండెను. వసంతరావు వేంకటరావు, నండూరి రామమోహనరావు, మహీధర నళినీమోహన్ వంటివారు ఆ భాగ్యమును అనుభవించినవారే. నళినీమోహన్ ‘గ్రహణాల కథ’ శాస్త్రమును కథగా నడపిన తీరునకు చక్కని నిదర్శనము. పాఠకుడు తనను వదలి మరొక చోటికి పోడను ధైర్యము ఆ వచనములో కానవచ్చును. నేటి రచయితకు ఆ ధైర్యము లేదు. ఉండుటకు వీలును లేదు.

వదంతి ఫోనుతోనే పుట్టిన దనుట సరికాదు. 1979లో అమెరికావారి స్కైలాబ్ భూమిపై పడనున్నదను వార్త వ్యాపించినప్పుడు, తెలంగాణ పల్లెలలో కొందరు ఇక బ్రతుకు లేదని కోళ్ళను మేకలను కోసికొని తినిరని పెద్దలు నేటికిని చెప్పుదురు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమునకు వీథులు నిర్మానుష్యము లయ్యెను. ఆ దినముననే ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు గ్రహణమును పరిశీలించుచుండిరి. ఆనాటి భయమునకు పత్రికయు రేడియోయు కొంత కారణము. దానిని మాన్పినవియు అవియే. పైగా ఆ వదంతికి ఒక గడువు కలదు. 1979 జూలై 11న స్కైలాబ్ శకలములు హిందూమహాసముద్రమునందును పశ్చిమ ఆస్ట్రేలియాయందును పడెను. భయమును అంతటితో సమసెను. ఫోనులోని వదంతికి జూలై 11 రాదు. అది నిద్రించి మరల లేచును.

రోకలి సంగతి ఇట్టిదే. గ్రహణ సమయమున పళ్ళెములో నీరుపోసి రోకలి నిలుపుట మన ఊళ్ళలో ప్రాత ఆచారము. 2019 డిసెంబరు 26, 2020 జూన్ 21 గ్రహణములకు ఆ దృశ్యములు వీడియోలై ఇంటింట తిరిగినవి. గ్రహణాకర్షణ వలననే రోకలి నిలుచుచున్నదని వ్యాఖ్య. దీనిని ఖండించినవారు రెండు తెగలు. ఒక తెగవారు మూఢులారా యని నవ్విరి. వారి మాట వారివంటివారికే చేరినది. రెండవ తెగవారు గ్రహణము లేని దినమున రోకలిని నిలిపి చూపిరి. పొన్ను అడుగు సమతలముగ నున్నచో, నిలుపువానికి ఓర్పున్నచో, అది ఎన్నడైనను నిలుచును. గడియారములు లేని కాలమున గ్రహణపు పట్టువిడుపులు తెలియుటకు ఈ పద్ధతి ఏర్పడినదని చెప్పుకొను మాటను కూడ ఎత్తుకొని, ఆచారము వేరు, కారణము వేరు అని విడదీసి చూపిన రచనలే మేము చదివినవానిలో మేలైనవి. మూలమును గౌరవించి తప్పుపాఠమును తొలగించుట యనగా ఇది.

మొదట చెప్పు హక్కు ఎట్లు పోయెనో చూపుటకు 2023 ఆగస్టు 23 చాలును. చంద్రయాన్-3 దిగుటను ఇస్రోవారి యూట్యూబు ప్రసారమున ఒకే క్షణమందు సుమారు 80 లక్షల మంది చూచిరి. మరునాటి పత్రికకు చెప్పుటకు మిగిలిన దేమి? చాలా మిగిలినది. 2019 సెప్టెంబరులో విక్రమ్ ఎందులకు కూలెను, ఈ పర్యాయము ఏమి మార్చిరి, దక్షిణధ్రువ ప్రాంతమే ఏల అను ప్రశ్నలకు ప్రసారమున తావు లేదు. కాని మేము చూచిన వార్తలలో పెక్కు, తెరపై అందరును చూచినదానినే విశేషణములు పెంచి మరల చెప్పినవి. ఇది వార్తాహరుని అలవాటు. వార్త ముందే చేరిపోయిన తరువాతను అతడు తలుపు తట్టుచున్నాడు.

2021 మే మాసపు కృష్ణపట్నము మరింత కఠినమైన పరీక్ష. కోవిడ్ రెండవ తరంగమున ఆసుపత్రులలో పడకలు దొరకని దినములవి. నెల్లూరు జిల్లాలోని ఆ ఊర బొనిగి ఆనందయ్య పంచు మందునకై వేలాది జనులు చేరిరి. ప్రభుత్వము పంపిణీని ఆపి, పరిశీలనానంతరము మే 31న కంటి చుక్కలను మినహాయించి అనుమతి నిచ్చెను. కంటిలో చుక్కలు పడినంతనే తేరుకొంటినని ఒకరు చెప్పిన వీడియో ఊరూర తిరిగెను. ఆయన కొలది దినములలోనే మరణించెను. ఆ మరణవార్తయు పత్రికలలో వచ్చినది. అయినను తొలి వీడియో, మరణవార్త తోడు లేకయే, మా ఫోనునకు చాలకాలము వచ్చుచుండెను. సందేశమునకు దిద్దుబాటును ముడివేయు దారము ఈ మాధ్యమమున లేదు. ఆ దినములలో కొన్ని వార్తాప్రసారములు “తినునది గదా, హాని యేమి” అను వాదమును, “పరీక్షింపక ఏల ఇత్తురు” అను వాదమును చెరియొక ప్రక్క కూర్చుండబెట్టి కలహము పెట్టుటయే నిష్పాక్షికత యనుకొనినవి. కంటిలో వేయునది తినునది కాదను భేదమును, ఒకరు తేరుకొనుట సాక్ష్యము కాజాలదను సూత్రమును నిదానముగ చెప్పినవారు కొలదిమంది. ప్రాణభయముతో నున్న జనుని నిందింపకుండ ఆ మాట చెప్పుట యెంత కష్టమో మేము ఎరుగుదుము. మా ఇంటివారును ఆ మందు తెప్పింప యత్నించిరి.

వేగము భాషకు చేసిన చేటు వేరు. ప్రాణవాయువు, ఉదజని మున్నగు పదములు రచయితలు పదుగురు ప్రయోగించి చూడగా నిలిచినవి, లేదా రాలిపోయినవి. క్వారంటైన్, లాక్‌డౌన్ పదములకు ఆ పరీక్ష లేదు. వచ్చిన దినముననే స్థిరపడినవి. వాడుకలో పడిన పదమును తోసివేయవలెనని మా వాదము కాదు. కాని అర్థము తెలియక పదము మాత్రమే అందినచోట వదంతికి ఇల్లు దొరకును. ఈ సందర్భమున ఒక వినోదము: వ్యాధినిరోధకమునకు మన జనులు వాడు ‘టీకా’ శబ్దమును, గ్రంథవ్యాఖ్యకు పండితులు వాడు ‘టీక’ శబ్దమును చెవికి దాదాపు ఒకటే. 2021లో మన శాస్త్రవార్తకు రెండును కావలసి యుండెను.

అయినచో ఈ మాధ్యమము కీడే చేసినదా? అట్లనుట అన్యాయము. కొడవటిగంటి రోహిణీప్రసాద్ (1949–2012) అణుభౌతిక శాస్త్రజ్ఞుడై యుండి, అచ్చుపత్రికలతోపాటు అంతర్జాల పత్రికలలోను శాస్త్రవ్యాసములు విరివిగ వ్రాసెను. 1998లో ప్రవాసాంధ్రులు ఆరంభించిన ‘ఈమాట’ వంటి అంతర్జాల పత్రికలలో స్థలసంకోచము లేదు. పాఠకుడు తప్పు పట్టిన వ్యాసము క్రిందనే ఆ మాట నిలుచును. అచ్చులో మూడు అంగుళములకు కుదింపవలసిన సంగతిని అచట మూడువేల మాటలలో చెప్పవచ్చును. మూలపత్రమును చూపవచ్చును, దిద్దినచోటును తేదీతో గుర్తింపవచ్చును. ఇవన్నియు పరిష్కర్తకు కావలసిన పనిముట్లే. వానిని మనవారు వాడుకొనుట తక్కువ. వీడియో శీర్షికలలో ప్రశ్నార్థకమును ఆశ్చర్యార్థకమును గుప్పించి, లోపల ఏమియు చెప్పకుండుటకు ఆ మాధ్యమము ఎక్కువ ప్రతిఫల మిచ్చుచున్నది. నెమ్మదిగ సరిచూచు పనికి జీతమిచ్చు పత్రికలు ఎన్ని? నిజమైన అడ్డంకి ఇదియే గాని, రచయితల అసమర్థత కాదు.

మెదకు సీమలోని కొలిచెలమవాడని ప్రసిద్ధుడైన మల్లినాథసూరి, మూలమున లేనిది వ్రాయననియు, అపేక్షితము కానిది చెప్పననియు నియమము పెట్టుకొనెను. నిజామాబాదు పొరుగుననే పుట్టిన ఈ నియమము శాస్త్రవార్తాకారునకు ఎంత సరిపోవునో చూడుడు. మూలము చూడక వ్రాయరాదు. రైతునకు అక్కరలేని ఆశ్చర్యములతో నింపరాదు. కాని మల్లినాథుని ఎదుట కాళిదాసు పాఠము ఉండెను. మోస్రా రైతు ఎదుట నున్నది కర్తృత్వము లేని పాఠము. కావున నేటి వ్యాఖ్యాత టీక వ్రాయుటకు ముందు ప్రతులు సేకరింపవలెను: ఈ మాట ఎచట మొదలయ్యెను, ఏ పైరును గూర్చి, ఏ ఋతువున, ఏ మోతాదున, దారిలో ఏమి పోయెను, ఏమి చేరెను. ఈ పనిలో శిక్షణ పాత్రికేయ పాఠశాలలకంటె మన తెలుగు శాఖలయందే ఎక్కువ కలదు. బ్రౌను దొర పండితులచేత ప్రతులను సరిపోల్చి చూపించిన నాటినుండి మనము దానిని సాధన చేయుచున్నాము. అది పదునాల్గవ శతాబ్దమునకే తప్ప గడచిన వారమునకు పనికిరాదని ఎవరు శాసించిరి?

మా శిష్యుడు ఆ సుడిదోమ సందేశమునకు పాఠాంతరముల పట్టిక తయారు చేయుచున్నాడు. రెండు పేజీల సంగ్రహమును మోస్రా చాయ్ హోటలు గోడకు అంటించెను. ప్రక్కన మందు పేరు, పైరు పేరు, తేదీ వ్రాయుటకు గడులు ఉంచెను. మేము రెండవ మారు పోవునప్పటికి రైతులు మూడు గడులు నింపి యుండిరి. ఒకదానిలో మోతాదు కొట్టివేసి, దుకాణదారుడు చెప్పినదని వేరొక అంకె వేయబడి యున్నది. అది అయిదవ ప్రతి. ‘పత్తి’ అని యున్నదానికి మూలమైన ప్రతి మాత్రము ఇంకను దొరకవలసి యున్నది.