రెండు పంక్తుల జల్లెడ

అనువాదం హాయిగా చదివిస్తే చాలు, మూలంతో పోల్చి చూసేదెవరంటారు కొందరు. నవలల దగ్గరే కాదండీ, కంప్యూటర్ ప్రోగ్రాముల దగ్గరా ఈ పేచీ ఉంది!

ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే పైథాన్ పేరు వినే ఉంటారు. అది పట్టింపుల్లేని భాష. ఏ పద్ధతిలో రాసుకున్నా సరేనంటుంది. హాస్కెల్ అలా కాదు, మహా మడి. శుద్ధ ఫంక్షనల్ భాష అంటారు దాన్ని. ఒక పేరుకి ఒక విలువ ఇచ్చాక మామూలుగా దాన్ని మార్చడానికి వీల్లేదు. వేరే విలువ కావాలంటే కొత్తగా తయారు చేసుకోవాల్సిందే.

ఇప్పుడు ఎరటోస్తనీస్ జల్లెడ సంగతి చూడండి. ఈయన క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని చూసుకున్న గ్రీకు పండితుడు. ప్రధాన సంఖ్యల్ని ఏరే ఉపాయం ఒకటి ఆయన పేరు మీద ఉంది. 2 నుంచి 30 దాకా సంఖ్యలు వేసుకుంటాం. 2ని ఉంచి, రెండేసి చొప్పున ముందుకి పోతూ 4, 6, 8... కొట్టేస్తాం. తర్వాత 3ని ఉంచి మూడేసి చొప్పున, ఆపైన 5ని ఉంచి అయిదేసి చొప్పున. చివరికి 10 సంఖ్యలు మిగుల్తాయి. ఎక్కడా భాగహారం లేదు. 29 జోలికి ఎవరూ పోరు, దానంతటదే మిగుల్తుంది. పైథాన్‌లో ఇది సులువు. ఒకే జాబితాలో అక్కడికక్కడే కొట్టేసుకుంటూ పోవచ్చు.

మడి భాషలో కొట్టివేతలు కుదరవు కదా! అందుకని ఒక పొట్టి అనువాదం ప్రచారంలోకి వచ్చింది. 1970లలో డేవిడ్ టర్నర్ తన ఫంక్షనల్ భాషలో రాసింది దానికి మాతృక. రెండే పంక్తులు! చూస్తే ముచ్చటేస్తుంది. జవాబూ సరిగ్గానే వస్తుంది.

లోపల జరిగేది మాత్రం వేరు. 29ని 2 భాగిస్తుందా, 3 భాగిస్తుందా అంటూ 23 దాకా 9 సార్లు పరీక్ష పెడతారు. బియ్యం జల్లించేటప్పుడు ఒక్కో గింజనీ వేళ్ళతో పట్టి చూస్తామా? ఇది రాళ్ళేరడం, జల్లించడం కాదు. 30 సంఖ్యలకైతే తేడా తెలియదు. లక్షల్లోకి వెళ్ళేసరికి నత్తనడకే.

కాలిఫోర్నియాలో పాఠాలు చెప్పే మెలిస్సా ఓనీల్ 2009లో ఒక వ్యాసంలో ఈ సంగతి తేల్చి చెప్పారు. తప్పుపట్టి ఊరుకోలేదావిడ. ఏ కొట్టివేత వంతు ముందో వరసలో పెట్టుకునే ఏర్పాటు చేసి, మడి చెడకుండా అసలు జల్లెడనే హాస్కెల్‌లోకి తెచ్చారు. పంక్తులు పెరిగాయి, పెరిగితేనేం?

నా ఓటు ఆవిడకే. అలాగని పొట్టిదాన్ని పారేయమనను. ఆ భాష సొగసు కొత్తవాళ్ళకి చూపించడానికి అది బాగానే పనికొస్తుంది. ఎరటోస్తనీస్ పేరు మాత్రం దానికి తగిలించకండి. ముగింపు ఒకటైనంత మాత్రాన రెండు నవలలు ఒకటవుతాయా? ఆ ముగింపుకి నడిపించిన దారి కూడా మూలకర్తదే. అది తేలేనప్పుడు ‘ఫలానావారి రచనకి స్వేచ్ఛానుసరణ’ అని పైన ఒక్క ముక్క వేసుకుంటే చాలు, ఎవరికీ పేచీ ఉండదు.