తొగుటలో సోషల్ పాఠం

తెలంగాణ హైస్కూళ్లలో సాంఘికశాస్త్రం అంటే భూగోళం, చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం కలిసిన ఒకే పుస్తకం. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన విద్యాప్రణాళిక పరిధి పత్రం దీనికి పునాది. ఈ సబ్జెక్టుకు ఆరు విద్యాప్రమాణాలు ఉన్నాయి. పటనైపుణ్యం, సమాచార సేకరణ, సమకాలీన అంశాలపై ప్రశ్నించడం వాటిలోవే. ప్రాజెక్టు పనికీ మార్కులుంటాయి.

సిద్దిపేట జిల్లా తొగుట మండలంలో ఈ పుస్తకాన్ని వేరే విధంగా చదవాల్సి వస్తుంది. పదో తరగతిలో రాంపురం అనే ఊరి ఆర్థిక వ్యవస్థ మీద ఒక పాఠం ఉంది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని ఆ ఊళ్లో భూమి ఎవరి చేతిలో ఉంది, కూలీలు ఎట్లా బతుకుతున్నారు, నీళ్లు ఎక్కడివి అని పిల్లలు నేర్చుకుంటారు. తొగుట మండలంలోనూ ఒక రాంపూర్ ఉండేది. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్‌లతో పాటు మల్లన్నసాగర్‌లో మునిగిపోయింది. 50 టీఎంసీల ఈ జలాశయం కాళేశ్వరం పథకంలో అన్నిటికన్నా పెద్దది. 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. నిర్వాసితుల్లో చాలామంది గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీకి చేరారు. రాంపురం గురించి వేసిన ప్రశ్నలే ఈ రాంపూర్ గురించీ పిల్లలతో వేయించాలి. జవాబులు చెప్పగలిగిన రైతులూ కూలీలూ ఇంకా ఉన్నారు.

పౌరశాస్త్రానికైతే ఈ జలాశయం భూసేకరణ కన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనానూ పునరావాసాన్నీ తప్పనిసరి చేసింది. భూమిని రైతుల నుంచి నేరుగా కొనేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2015లో జీవో 123 తెచ్చింది. 2016 ఆగస్టులో హైకోర్టు న్యాయమూర్తి దాన్ని కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. 2017లో రాష్ట్రమే చట్టానికి సవరణ తెచ్చుకుంది. శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలు మూడూ ఒకే వ్యవహారంలో కనిపిస్తాయి. నిర్వచనాలు బట్టీ పట్టించే టీచరు ఈ అవకాశాన్ని చేజార్చుకున్నట్టే.

చరిత్ర పద్ధతి మాత్రం ఓపిక కోరుతుంది. పాత పహాణీలు, గ్రామ పటాలు, పెళ్లి ఫోటోలు, ముసలివాళ్ల మాటలు అన్నీ ఆధారాలే. ఒకదానితో ఒకటి సరిచూడాలి. గుడి ఏ దిక్కున ఉండేది, ఏ వాడలో ఎవరుండేవారు, ఏ చెరువు కింద ఏం పండేది అని అడిగి మునిగిన ఊరి పటాన్ని మళ్లీ గీయించవచ్చు. మండల పటంలో ఇప్పుడు కాలువ నీళ్లు అందుతున్న పొలాలనూ గుర్తించాలి. ఆ రైతుల మాటనూ రాసుకోవాలి. తొగుట పిల్లలూ, గజ్వేల్ కాలనీ పిల్లలూ ఈ పని కలిసి చేస్తే ఒకరి పటంలో లేనిది రెండో పటంలో దొరుకుతుంది.