22 సెంటీమీటర్ల పనితనం

షూటర్ ఈషా సింగ్ అనగానే పతకాల లెక్కే ముందుకొస్తుంది. 2018లో తిరువనంతపురంలో జరిగిన జాతీయ పోటీల్లో, పదమూడేళ్ల వయసులో, మను భాకర్‌నూ హీనా సిద్ధూనూ దాటి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ గెలిచిన హైదరాబాదు అమ్మాయి ఆమె. 2023 సెప్టెంబర్ 27న హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో 600కు 586 సాధించి జట్టు స్వర్ణంలో పాలు పంచుకుంది. అదే రోజు ఫైనల్లో 34 షాట్లు తగిలించి రజతం అందుకుంది. నాకు మాత్రం పతకాలకన్నా ఆమె 10 మీటర్ల నుంచి 25 మీటర్లకు వెళ్లి నిలబడిన తీరంటే మక్కువ. దూరం పెరిగేకొద్దీ పిస్టల్ షూటర్ పని ఎంత సన్నబడుతుందో అక్కడ కనిపిస్తుంది.

25 మీటర్ల పిస్టల్‌కు దుర్భిణి ఉండదు. వెనక ఒక గాడి, ముందు ఒక చిన్న దిమ్మె, అంతే. రియర్ సైట్, ఫ్రంట్ సైట్ అంటారు. నియమం ప్రకారం వాటి మధ్య దూరం 22 సెంటీమీటర్లు దాటకూడదు. గాడిలో దిమ్మెకు రెండు పక్కలా వెలుతురు సమానంగా ఉండాలి, పై అంచులు ఒకే గీతలో నిలవాలి. ఆ దిమ్మె ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. ఇదే కొలతతో లెక్కేస్తే 10 మీటర్ల దగ్గర తూటా నాలుగున్నర సెంటీమీటర్లు తప్పుతుంది, 25 దగ్గర పదకొండుకు పైగా, 50 దగ్గర దాదాపు ఇరవై మూడు. 25 మీటర్ల ప్రెసిషన్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డుకొలత 5 సెంటీమీటర్లే. ఆ ఒక్క మిల్లీమీటరుకు పది పోయి ఆరు మిగులుతుంది.

ఇప్పుడు సైట్లు చెదరకుండా, చేయి మొత్తం పిస్టల్‌తో సహా ఒక మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. ఏ దూరంలోనైనా తప్పేది ఆ మిల్లీమీటరే. ఈ విద్యలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఇదే. ఒంటిచేత్తో చాచి పట్టిన పిస్టల్ ఎవరికైనా ఊగుతుంది, ఎందుకంటే నాడి కొట్టుకుంటూనే ఉంటుంది. కొత్తవాళ్లు ఆ ఊపుతో పోట్లాడి, గురి మధ్యకు వచ్చీరాగానే ట్రిగ్గర్ గుంజేస్తారు. ఆ గుంజుడుకే దిమ్మె పక్కకు తిరుగుతుంది. ఆరితేరిన షూటర్ ఊపును దాని మానాన వదిలేసి, వేలిని ఒకే వేగంతో వెనక్కి తెస్తూ పోతుంది. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ బరువు కనీసం అరకిలో, 25 మీటర్ల పిస్టల్‌కు కిలో. దూరం పెరగడంతోపాటు వేలికీ పని రెట్టింపయిందన్నమాట.

కంటి సంగతి ఇంకా కష్టం. కన్ను ఒకేసారి రెండు దూరాలను స్పష్టంగా చూడలేదు. చూపు దిమ్మె మీదే నిలవాలి. మా ఊరు నల్లమాడ శెనక్కాయ చేలల్లో ఎండాకాలం మధ్యాహ్నం దూరపు గుట్ట అంచు కరిగినట్టు కనిపిస్తుంది చూడండి, టార్గెట్ నల్లని గుండ్రం అలా మసకబారాలి. చాలామంది దాని నడిమధ్యకు గురి పెట్టరు. కింద కాస్త తెలుపు వదిలి, ఆ తెలుపులో దిమ్మెను నిలిపి, తూటా మధ్యలో పడేలా సైట్లను ముందే సరిచేసుకుంటారు. నలుపు మీద నల్లని దిమ్మె కలిసిపోతుంది, తెలుపు మీద దాని అంచు తేటగా తెలుస్తుంది.

25 మీటర్ల పోటీలో ప్రెసిషన్ భాగంలో 30 షాట్లయ్యాక ర్యాపిడ్ భాగంలో మరో 30. చేయి 45 డిగ్రీల కిందికి దించి ఏడు సెకన్లు ఆగాలి. పచ్చ లైటు వెలిగిన మూడు సెకన్లలో ఎత్తి, ఒక్క షాట్ కాల్చాలి. అంత తక్కువ సమయంలో సైట్లను సరిచేసుకునే వీలేదీ? చేయి పైకి వచ్చేసరికే అవి కుదిరి ఉండాలి. అందుకే చెక్క పిడిని అరచేతి గుంటలకు తగ్గట్టు అరగదీసుకుంటారు. తూటా లేకుండా డ్రై ఫైరింగ్ సాధన చేస్తారు. పేలుడు శబ్దం లేనప్పుడు దిమ్మె కదలిక దాక్కోలేదు.

ఒలింపిక్స్‌లో 50 మీటర్ల పిస్టల్‌ను 2016 రియో తర్వాత తీసేయడం నాకు ఇప్పటికీ బాధే. ఈ నేర్పుకు అంతకన్నా పెద్ద పరీక్ష లేదు. ఉన్న 25 మీటర్లలోనే ఈషా 2025లో కైరో ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం గెలిచింది. ఈసారి ఆమె పోటీ చూస్తే స్కోరు బోర్డును కాసేపు వదిలి, షాట్ పేలాక ఆమె చేతిని చూడండి. వెంటనే దించదు. పిస్టల్ ఎగిరి మళ్లీ ఎక్కడ కుదురుకుందో చూసి, ఆ తర్వాతే దించుతుంది.