డబ్లిన్ నుంచి మాలపల్లికి

గుంటూరు కాలేజీల్లో రాజనీతిశాస్త్రం చదివే విద్యార్థికి అంతర్జాతీయ సంబంధాలంటే అధికార సమతౌల్యం, ప్రచ్ఛన్న యుద్ధం, ఐక్యరాజ్యసమితి, అలీనోద్యమం. ఇవి తెలియవలసినవే. కాని ఆ విద్యార్థే కవిత రాయడానికి కూర్చుంటే వియత్నాం, పాలస్తీనా పేర్లు వరసగా వచ్చి పడతాయి. తండ్రి పత్తి చేను మాత్రం రాదు. ఇలాంటి రచనలు నేను చాలా చదివాను. వాటిలోని సానుభూతిని శంకించను. అక్కడికీ ఇక్కడికీ ఉన్న ముడి కనిపించకపోవడమే వాటి లోపం.

ఈ ముడి ఎలా పట్టుకోవాలో నేర్పే నవల పాత గుంటూరు జిల్లా రచయితే రాశారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో డబ్లిన్‌లో బారిస్టరు చదివారు. ఐరిష్ స్వాతంత్ర్య పోరాటాన్ని దగ్గరగా చూశారు. 1917 రష్యా విప్లవం ఆయన ఆలోచనను కదిలించింది. ఇంత లోకం చూసిన మనిషి జైల్లో కూర్చుని రాసింది 'మాలపల్లి'.

ఆ నవలలో తగాదా కూలి దగ్గర రాజుకుంటుంది. గింజలు కొలవాలా, డబ్బులివ్వాలా? యుద్ధం ధరలు పెంచిన రోజుల్లో డబ్బు కూలి అంటే కూలివాడి కంచంలోంచి అన్నం తీయడమే. ఐరోపా యుద్ధం మన కళ్లంలోకి వచ్చిన దారి ఇది. సంగదాసు చావు వెనక ఉన్న లెక్కా ఇదే. మద్రాసు ప్రభుత్వం ఆ నవలను ఊరికే నిషేధించలేదు. పరిష్కారంలో గాంధేయ ఆదర్శం పాలు ఎక్కువన్న విమర్శ న్యాయమే. అయినా సమస్యను పట్టుకున్న తీరులో ఉన్నవ గారు మనలో చాలామంది కంటే ముందున్నారు.

ఇప్పటి సంగతి చూడండి. 2003లో కాన్‌కూన్‌లో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశంలో బెనిన్, బుర్కినాఫాసో, చాద్, మాలి దేశాలు ఒక్కటై నిలబడ్డాయి. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీలు తమ రైతుల ధరను కూలుస్తున్నాయన్నాయి. సమావేశం విఫలమైంది. బ్రెజిల్ వేసిన పత్తి కేసులో 2004లో తీర్పు అమెరికాకు వ్యతిరేకంగా వచ్చింది. ప్రపంచ మార్కెట్లో ధర పడితే ఆ దెబ్బ మన జిన్నింగు మిల్లు దాకా వస్తుంది. చైనా, బంగ్లాదేశ్ కొనుగోళ్లు మందగిస్తే గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు అలాగే ఉండిపోతాయి. అయినా మాలి రైతుకూ పలనాటి రైతుకూ ఉన్న బంధుత్వం చెప్పిన తెలుగు కథ నాకింతవరకు తారసపడలేదు.

పరీక్షలో అలీనోద్యమం మీద పది పేజీలు రాయగల విద్యార్థి, యార్డులో తండ్రి చేతికొచ్చిన చీటీ మీది ధరను ఎవరు నిర్ణయించారో చెప్పలేకపోతే, ఆ చదువు అతని ఇంటికి చేరనట్టే. సిలబసు మారేదాకా ఆ పని ఆగనక్కరలేదు. విద్యార్థి రచయితలు ఆ చీటీతోనే మొదలుపెట్టవచ్చు. ఆ ధర వెంట నడిస్తే దేశాలు వాటంతటవే కథలోకి వస్తాయి. పేర్లు ఏకరువు పెట్టే అవసరం ఉండదు.