పులుపు ముందా, పొయ్యి ముందా

శామీర్‌పేట చెరువు దాటి రాజీవ్ రహదారి మీద తుర్కపల్లి వైపు పోతుంటే, ఎండాకాలంలో చెట్ల కింద అంబలి కుండలు కనబడతాయి. తడిబట్ట చుట్టిన కుండ, పక్కన ఉల్లిగడ్డ ముక్కలు, పచ్చిమిర్చి, ఉప్పు డబ్బా. ఒక అవ్వ దగ్గర రెండు గ్లాసులు తాగాక, ఎట్ల చేస్తవని అడిగాను.

“పిండి పులియాలె గని, అంబలి పులియొద్దు బిడ్డా” అంది.

ఆ మాటలో ఉన్న పనితనం అర్థం కావాలంటే ఆమె చేతిని చూడాలి. రాత్రి కాగబెట్టి ఆర్చిన నీళ్లలో జొన్నపిండి పలచగా కలుపుతుంది. అందులో నిన్నటి పులుపు పిండి గరిటెడు. వేళ్లతో ఉండలు చిదిమి, బట్ట కట్టి, పొయ్యికి దూరంగా పెడుతుంది. ఎండాకాలమైతే తెల్లారేసరికి పని అయిపోతుంది. చలికాలం మధ్యాహ్నం దాకా ఆగాలి. గడియారంతో ఆమెకు పనిలేదు. పైన తేట నీళ్లు, కింద పిండి, మధ్యలో సన్నటి బుడగలు, చింతచిగురు లాంటి పులుపు వాసన. ఇవి చాలు. తీగలు సాగినా, గులాబీ మచ్చ కనబడినా పెంటకుప్పలోకే. పైపైన తీసేసి వాడటం లేదు.

పొద్దున ఎసట్లో జొన్న నూక వేసి మెత్తబడేదాకా ఉడికిస్తుంది. అప్పుడు పులిసిన పిండిని సన్నటి ధారగా పోస్తూ, రెండో చేత్తో తెడ్డు తిప్పుతుంది. ఒక్క ఉండ కట్టదు. పొడిపిండి వేడి నీళ్లలో పడితే పైపొర ఉడికి, లోపల పొడిగానే మిగులుతుంది. రాత్రంతా నానిన పిండికి ఆ బాధ లేదు. గంజి అంత పలచనా కాదు, గట్క అంత గట్టిదీ కాదు. నోట్లో నూక పంటికి తగలాలి. అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడని సామెత వెటకారంగా పుట్టింది గానీ, అంబలి చిక్కదనం ఎంతుండాలో కూడా అందులోనే ఉంది!

పచ్చి వాసన పోయేదాకా కుతకుత ఉడికాక వెడల్పాటి గిన్నెలో పోసి, నీడన పెట్టి కలుపుతూ ఆరుస్తుంది. చల్లారాకే కుండలోకి. చల్ల, ఉల్లిగడ్డ ఏ గ్లాసుకు ఆ గ్లాసు.

ఇప్పుడు ఆమె మాటకు వద్దాం. పిండిని పులియబెట్టేది లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా. పాత పిండి గరిటెడు వేయడమంటే ఆ మంచి జాతిని ముందే దింపడం. ఆమ్లం త్వరగా పెరిగితే చెడ్డవాటికి చోటు దక్కదు. జొన్నలో ఇనుమును, జింకును పట్టి ఉంచే ఫైటేట్ కూడా పులిసినప్పుడు కొంత విడిపోతుంది. తర్వాత ఉడికితే సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి, పులుపు మాత్రం మిగులుతుంది. బతికున్న బ్యాక్టీరియా కావాలా? చల్లారిన అంబలిలో కలిపే చల్ల దాన్ని తిరిగి తెస్తుంది.

ఈ మధ్య పట్నంలో ఇంకో పద్ధతి నడుస్తోంది: సాయంత్రం వండి, మూతపెట్టి, పొద్దున తాగడం. నాకది అంత నచ్చదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తులు ఉడుకుకు చావవు. పెద్ద గిన్నెలో మెల్లగా చల్లారే గంజి వాటికి పండుగ. అవి చేసే ఒక రకం విషం మళ్లీ కాచినా పోదు, వాంతులవుతాయి. అలాగే చేయాలనుకుంటే కనీసం త్వరగా ఆర్చి, గరిటెడు పులిసిన చల్ల కలిపి ఉంచండి. గర్భిణులు, జబ్బుపడి లేచినవాళ్లు మాత్రం అవ్వ పద్ధతికే కట్టుబడటం మేలు.

ఇత్తడి గిన్నె కలాయి పోయినదైతే పులుపు రాగిని లాగుతుంది. బూజు పట్టిన జొన్నల్లోని విషం పులిసినా, ఉడికినా పూర్తిగా పోదు. జొన్నలను చేటలో పోసి చెరగడం అందుకే. రోడ్డు పక్కన అమ్మేచోట నాకు భయం అంబలితో కాదు, అందులో పడే ఐసుగడ్డతో. షుగరుకు మందు అన్న ప్రచారాన్నీ నమ్మను. మెత్తగా ఉడికిన పిండి కూడా పిండే. రక్తంలో చక్కెర పెంచుతుంది.

ఒకప్పుడు ఈ మేడ్చల్, శామీర్‌పేట నేలల్లో జొన్న పండేది. తర్వాత ద్రాక్ష తోటలొచ్చాయి, ఆ తర్వాత ప్లాట్లు. రోడ్డుకు అవతల జినోమ్ వ్యాలీలో టీకాల కంపెనీలు స్టీలు ట్యాంకుల్లో సూక్ష్మజీవులను, కణాలను పెంచుతాయి. వేడికో మీటరు, ఆమ్లానికో మీటరు. అవ్వకు ముక్కు, నాలుక, ముంజేయి.

మధ్యాహ్నం రెండు దాటితే ఆమె కుండ దించేస్తుంది. మిగిలింది బర్రె కుడితిలోకి పోతుంది. రేపటికి దాచేది అంబలి కాదు, పొద్దున ఉడికించకముందే తీసిపెట్టిన పులుపు పిండి ఒక్క గరిటె.