దెబ్బ కాచే కార్డుకు విలువ కట్టడం

మ్యాజిక్: ద గ్యాదరింగ్ ఆటలో ప్రతి ఆటగాడూ 20 లైఫ్‌తో మొదలుపెడతాడు. ఎదుటివాడి లైఫ్‌ను సున్నాకు దించడమే గెలుపుకు మామూలు దారి. రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఈ ఆటను విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ 1993లో విడుదల చేసింది. ఇందులో దాడి కార్డుకు విలువ కట్టడం తేలికే. ఎన్ని మానాకు (కార్డు వేయడానికి పెట్టే శక్తికి) ఎంత డ్యామేజ్ వస్తుందో చూస్తే చాలా మటుకు తేలిపోతుంది. దెబ్బ కాచే కార్డు సంగతి వేరు. అది ఎంత ఆపుతుందన్న దానికన్నా, ఆపాక చేతిలో ఏం మిగులుతుందన్నదే అసలు లెక్క.

ఆ తేడా మొదటి సెట్‌లోనే కనిపిస్తుంది. లైట్నింగ్ బోల్ట్, హీలింగ్ సాల్వ్ రెండూ ఒక్క మానా కార్డులే. బోల్ట్ 3 డ్యామేజ్ చేస్తుంది. సాల్వ్ 3 లైఫ్ ఇస్తుంది, లేదంటే 3 డ్యామేజ్ ఆపుతుంది. అంకె ఒకటే అయినా బోల్ట్ నేటికీ డెక్కుల్లో వెలుగుతోంది, సాల్వ్‌ను అడిగేవారు లేరు. కారణం చిన్నదే. బోల్ట్ ఒక క్రీచర్‌ను, అంటే బల్ల మీద ఉండి దాడి చేసే ప్రాణిని, శాశ్వతంగా తీసేయగలదు. సాల్వ్ ఇచ్చిన 3 లైఫ్‌ను మాత్రం ఎదుటి 3 పవర్ (కొట్టే బలం) క్రీచర్ ఒక్క దాడిలో తినేస్తుంది. మరుసటి టర్న్‌లో ఆ క్రీచర్ మళ్లీ వస్తుంది, సాల్వ్ తిరిగి రాదు.

దీనికి మెరుగైన జవాబు గోడ (వాల్) అనే రకం క్రీచర్. అది బల్ల మీదే నిలబడి టర్న్ టర్న్‌కూ ఒక దాడిని అడ్డుకుంటుంది. గోడలు దాడి చేయకూడదన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. 2004లో వచ్చిన ఛాంపియన్స్ ఆఫ్ కమిగావా సెట్‌తో అది ‘డిఫెండర్’ అనే మాటగా కార్డుల మీదికి ఎక్కింది. తొలి సెట్‌లోని వాల్ ఆఫ్ స్టోన్ మూడు మానాకు 0/8, అంటే పవర్ సున్నా, టఫ్‌నెస్ (తట్టుకునే బలం) ఎనిమిది. చూడ్డానికి కొండలా ఉంటుంది గానీ ఎదుటివాడు దాని జోలికి రాకుండా పైనుంచి ఎగిరిపోతే, ఖర్చుపెట్టిన కార్డూ మానా రెండూ దండగే.

అంత టఫ్‌నెస్ లేకపోయినా వాల్ ఆఫ్ ఓమెన్స్ ఎందుకు గొప్పదో ఇక్కడ అర్థమవుతుంది. 2010 నాటి రైజ్ ఆఫ్ ది ఎల్‌డ్రాజీ సెట్‌లోది. రెండు మానా, 0/4, బల్ల మీదికి రాగానే ఒక కార్డు డ్రా. గ్రీన్ రంగు కార్డుల్లో 1998 నాటి వాల్ ఆఫ్ బ్లాసమ్స్ కూడా ఇదే పని చేస్తుంది. ఆ డ్రాతోనే కార్డు ఖర్చు తిరిగొచ్చేసింది. ఆ తర్వాత గోడ ఏం చేసినా లాభమే.

ఒక ఆటను దగ్గరగా చూద్దాం. ఎదుటివాడు మొదటి టర్న్‌లోనే 2/2 గాబ్లిన్ గైడ్ వేసి కొట్టాడు, 20 కాస్తా 18 అయింది. జవాబుగా రెండో టర్న్‌లో గోడ దిగింది, ఒక కార్డు చేతికొచ్చింది. గాబ్లిన్ మళ్లీ దాడికి వస్తే గోడ అడ్డం నిలబడి 2 డ్యామేజ్ తీసుకుంటుంది. దాన్ని చంపాలంటే ఎదుటివాడు బోల్ట్ కూడా వేయాలి. రెండూ మూడూ అయిదు, గోడ పోతుంది. కానీ ఆటగాడికి తగలాల్సిన 5 డ్యామేజ్‌ను అది మింగేసింది. పైగా ఎదుటివాడి చేతిలో ఒక కార్డు తగ్గింది, ఇటువైపు ఏమీ తగ్గలేదు. సాల్వ్ ఎప్పటికీ చేయలేని పని ఇది. ఎదుటివాడు బోల్ట్ వేయక గోడ మిగిలి ఉంటే, నాలుగో టర్న్‌లో క్రీచర్లన్నిటినీ తుడిచేసే రాత్ ఆఫ్ గాడ్ వేసినప్పుడు గోడ కూడా పోయినా బాధ లేదు, దాని బాకీ అప్పటికే తీరిపోయింది.

లోపాలూ ఉన్నాయి. ఎగిరే క్రీచర్లను ఇది ఆపలేదు. నేరుగా ఆటగాడి మీదికొచ్చే స్పెల్స్‌కు అడ్డుపడలేదు. దాడే చేయకుండా కొన్ని కార్డుల కలయికతో గెలిచే కాంబో డెక్కుల ముందు దీని పని ఆ ఒక్క డ్రాతోనే సరి. గెలుపు కూడా సొంతంగా తెచ్చిపెట్టదు, ఆట ముగించే కార్డులు డెక్కులో వేరే ఉండాలి.

అందుకే దీన్ని తూచాల్సింది ఎదురయ్యే డెక్కులను బట్టి. నేల మీది చిన్న క్రీచర్లతో తొందరగా కొట్టే డెక్కులు ఎక్కువున్న చోట, నెమ్మదిగా ఆడే వైట్ డెక్కు నియమం అనుమతించే నాలుగు కాపీలూ పెట్టుకోవాలి. ఎగిరేవీ, కాంబోలూ ఎక్కువైన చోట ఆ స్థానాలు వేరే కార్డులకు ఇచ్చి, గోడలను ఆటకూ ఆటకూ మధ్య మార్చుకునే సైడ్‌బోర్డులో ఉంచాలి.