కోటు వెనక చీటీ

రాజకీయ కార్టూన్ చూసేటప్పుడు నా కళ్లు ముందు మూలలు వెతుకుతాయి. గీసినవాడి కొంటెతనం సాధారణంగా అక్కడే దొరుకుతుంది. థామస్ నాస్ట్ బొమ్మల్లో అయితే మరీనూ.

1872 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో గ్రాంట్ మీద పోటీకి దిగినవాడు న్యూయార్క్ ట్రిబ్యూన్ సంపాదకుడు హొరేస్ గ్రీలీ. తెల్లకోటు, తెల్లటోపీ, కళ్లజోడు, మెడ చుట్టూ గడ్డం. కార్టూనిస్టుకి ఇంతకన్నా ఏం కావాలి? హార్పర్స్ వీక్లీలో నాస్ట్ ఆయన్ని వదిలిపెట్టలేదు. చిక్కల్లా ఉపాధ్యక్ష అభ్యర్థి గ్రాట్జ్ బ్రౌన్‌తోనే. చూసి గీద్దామంటే ఫొటో లేదు. దాంతో గ్రీలీ కోటు వెనక ఓ చీటీ వేలాడదీసి, దాని మీద బ్రౌన్ పేరు రాసేశాడు. ఎన్నికలయ్యేదాకా బ్రౌన్ అంటే ఆ చీటీయే! ఫొటో దొరికి ఉంటే ఆ పెద్దమనిషి ఇవాళ ఎవరికి గుర్తుండేవాడు?

ఆ రోజుల్లో బొమ్మని కొయ్య దిమ్మ మీద తిరగేసి గీయాలి. చీటీ మీది అక్షరాలు కూడా అద్దంలో కనిపించినట్టు రాయాలి. చిన్న దిమ్మలను బోల్టులతో బిగించి పెద్ద బొమ్మకు సరిపడా చేసేవారు. చెక్కేవాళ్లు తలో ముక్క పంచుకునేవారు. ఇంత తతంగంలోనూ ఆ చీటీని నాస్ట్ మళ్లీ మళ్లీ గీశాడు. మొదటిసారి అది జోకు, పదోసారికి ముద్ర. గ్రీలీ వ్యవసాయం గురించి తనకు తెలిసింది పుస్తకంగా రాస్తే, ఆ పుస్తకాన్నే పేరు మార్చి మార్చి ఆయన జేబులో దోపాడు.

అదే చెయ్యి ఇంకో బొమ్మా గీసింది. అంతర్యుద్ధపు నెత్తుటి అగాధం మీదుగా ఉత్తర, దక్షిణాలు చేతులు కలపాలన్నాడు గ్రీలీ. నాస్ట్ ఆయన చేత లింకన్ సమాధి మీదుగా హంతకుడు బూత్‌తో చేతులు కలిపించాడు. గ్రీలీ ఓడిపోయాడు. పోలింగుకు కొద్దిరోజుల ముందే భార్య పోయింది. ఎలక్టర్లు ఓట్లు వేయకముందే, నవంబర్ 29న ఆయనా పోయాడు. ఆ పాపం కార్టూన్లదే అనను.

చీటీ చూసి ఇప్పటికీ నవ్వుతాను. సమాధి బొమ్మ దగ్గర నవ్వు రాదు. దక్షిణాది నాయకుడు జెఫర్సన్ డేవిస్‌కి 1867లో జామీను సంతకం పెట్టినవాడు గ్రీలీ. వెక్కిరించదలిస్తే ఆ సంతకం చాలు. బూత్‌కీ ఆయనకీ ఏం సంబంధం? గోరంతను కొండంత చేయడం కార్టూనిస్టు హక్కే. ఆ గోరంతైనా ఉండాలి మరి.